స్పామ్ ఫిల్టర్‌కి పాతవన్నీ మళ్ళీ మళ్ళీ నేర్పకండి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల పేజీ మొత్తం స్పామ్‌కే ఇచ్చేస్తున్నాం. సొంత మెయిల్ సర్వర్ నడుపుకునే చిన్న ఆఫీసులు, కాలేజీలు, ప్రెస్సుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే. ఫిల్టర్‌కి నేర్పుతూనే ఉన్నాం, రాత్రంతా సర్వర్ నలిగిపోతోంది, పొద్దున్నే చూస్తే ఇన్‌బాక్సులో చెత్త మాత్రం అలాగే ఉంది అని. మొదటి ప్రశ్నకి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే మిగతావాళ్ళ తలనొప్పికి కూడా మందు అందులోనే ఉంది.

ప్రశ్న: మా ఆఫీసులో 40 మందికి సొంత మెయిల్ సర్వర్ ఉందండి. మెయిళ్ళు అందించడానికి డవ్‌కాట్, స్పామ్ వడపోయడానికి స్పామ్‌అసాసిన్ వాడుతున్నాం, మెయిళ్ళు మెయిల్‌డిర్ పద్ధతిలో, అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలుగా ఉంటాయి. రాత్రి ఒంటిగంటకి క్రాన్ (వేళకి తనే పని మొదలుపెట్టే ఏర్పాటు) పెట్టి అందరి జంక్ ఫోల్డర్లూ, ఇన్‌బాక్సులూ మొత్తంగా స్పామ్‌అసాసిన్‌కి నేర్పే ప్రోగ్రామ్ ఎస్‌ఏ-లెర్న్‌కి ఇస్తున్నాను. మొదట్లో పది నిమిషాల్లో అయిపోయేది, ఇప్పుడు పొద్దున ఎనిమిదైనా తెమలడం లేదు. కొత్తగా వచ్చినవి మాత్రమే నేర్పే దారి ఉందా? (సిస్టమ్ అడ్మిన్, గుంటూరు)

జవాబు: ఉంది, పెద్ద కష్టం కూడా కాదు. మీరు జతచేసిన లాగ్‌లో చివరి లైను చూడండి: నేర్చుకున్నవి 37, చూసినవి 11,482. ముప్పై ఏడు మెయిళ్ళ కోసం పదకొండు వేల ఫైళ్ళు తెరిచింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఎస్‌ఏ-లెర్న్ ఒకసారి నేర్చుకున్న మెయిల్‌ని రెండోసారి లెక్కలో వేసుకోదు, ఆ మేరకు అది బుద్ధిమంతురాలే. చూసినవాటి జాబితా తన దగ్గర పెట్టుకుంటుంది. కానీ ఇది పాతదే అని తెలుసుకోవాలంటే ముందు ఫైలు తెరవాలి, హెడర్లు (ఎవరు, ఏ దారిన పంపారో చెప్పే పై లైన్లు) చదవాలి, ఆ తర్వాతే జాబితాలో వెతకాలి. జంక్ ఫోల్డర్లు ఎవరూ ఖాళీ చేయరు కాబట్టి ఆ పని రోజురోజుకీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

కాబట్టి ఏది కొత్తదో మనమే ఏరి ఇవ్వాలి. అందరికీ మొదట తట్టేది ఫైండ్ కమాండ్‌తో గత ఒక రోజులో వచ్చిన ఫైళ్ళు తీయడం. నేనూ చాలాకాలం అలాగే చేశాను, తప్పు తెలియడానికి నెలలు పట్టింది. డవ్‌కాట్ మెయిల్‌డిర్‌లో ఫైలుకి ఉండే ఎమ్‌టైమ్ అంటే మెయిల్ సర్వర్‌కి చేరిన సమయం. దాన్ని ఇన్‌బాక్సు నుంచి జంక్‌లోకి లాగినా ఆ సమయం మారదు. శుక్రవారం సాయంత్రం ఒక స్పామ్ ఫిల్టర్‌ని తప్పించుకుని ఇన్‌బాక్సులో పడిందనుకోండి, మీ అకౌంట్స్ ఆయన సోమవారం పొద్దున వచ్చి చూసి జంక్‌లోకి తోశారు. సోమవారం రాత్రి మీ స్క్రిప్టు ‘గత 24 గంటల్లో వచ్చినవి’ అని వెతికితే అది దొరకదు, దాని ఎమ్‌టైమ్ ఇంకా శుక్రవారమే. అంటే ఫిల్టర్ పొరబడగా మనిషి కూర్చుని దిద్దిన మెయిల్, అన్నిటికంటే ఎక్కువ పాఠం ఉన్న మెయిల్, అదే జారిపోతుంది. జంక్‌లోకి తనంతట తాను పడినవి మాత్రం రోజూ నేర్పుతుంటాం, అవి ఫిల్టర్‌కి ముందే తెలిసినవి.

అందుకని చూడాల్సింది సీటైమ్, అంటే ఫైలు వివరాలు చివరిసారి మారిన సమయం. ఫైలు పేరు మారినా, ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి వెళ్ళినా లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్‌లలో సీటైమ్ మారుతుంది. ఫైండ్‌లో సీన్యూయర్ అనే ఆప్షన్ ఉంది, ఒక గుర్తు ఫైలు పేరు ఇస్తే దాని తర్వాత కదిలినవన్నీ చూపిస్తుంది. మెయిల్‌డిర్‌లో మెయిల్ చదివినా ఫైలు పేరు చివర అక్షరం మారుతుంది కాబట్టి చదివిన పాత స్పామ్ కూడా ఒకటీ అరా ఈ వలలో పడుతుంది. పడనివ్వండి, పదీ ఇరవై ఫైళ్ళు ఎస్‌ఏ-లెర్న్ చూసి పక్కన పెట్టేస్తుంది.

గుర్తు ఫైలు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. స్క్రిప్టు పని అంతా అయ్యాక కాదు, మొదలయ్యే ముందే కొత్త గుర్తు ఫైలు సృష్టించండి. పాత గుర్తుతో వెతకండి, నేర్పడం సరిగ్గా పూర్తయితేనే కొత్తదాన్ని పాతదాని స్థానంలో పెట్టండి. చివర్లో సృష్టిస్తే స్క్రిప్టు నడుస్తున్న ఆ కొద్ది నిమిషాల్లో ఎవరో జంక్‌లోకి తోసిన మెయిల్ అటూ కాకుండా ఇటూ కాకుండా పోతుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్కు నిండినా ఈ పద్ధతిలో నష్టం లేదు, మర్నాడు రాత్రి రెండు రోజులవీ కలిపి నేర్చుకుంటుంది.

దొరికిన ఫైళ్ళ పేర్లన్నీ ఒక జాబితా ఫైల్లోకి రాసి, ఎస్‌ఏ-లెర్న్‌కి ఎఫ్ ఆప్షన్‌తో ఆ జాబితా ఇవ్వండి. ఒక్కో మెయిల్‌కి ఒక్కోసారి ప్రోగ్రామ్ లేపితే అది పెర్ల్‌లో రాసింది కాబట్టి లేవడానికే టైము తినేస్తుంది. స్పామ్ జాబితా, మంచి మెయిళ్ళ జాబితా రెండూ నో-సింక్ ఆప్షన్‌తో నేర్పి, చివర ఒక్కసారి సింక్ చేస్తే (నేర్చినదంతా డేటాబేస్‌లోకి ఎక్కిస్తే) డేటాబేస్ తాళం పదేపదే పడదు. పాత మాటలు తీసేసే ఎక్స్‌పైరీ పనిని కూడా ఈ రాత్రి స్క్రిప్టు చివరికే మార్చండి. ఆటో ఎక్స్‌పైర్ ఆన్‌లో ఉంటే అది పట్టపగలు ఏ మెయిల్ డెలివరీ మధ్యలోనో మొదలవుతుంది, ఆ మెయిల్ ఎందుకు ఆలస్యమైందో ఎవరికీ అర్థం కాదు.

ఇన్ని వేలు నేర్పకపోతే ఫిల్టర్ మొద్దుబారుతుందేమో అని భయపడకండి. స్పామ్‌అసాసిన్ తయారుచేసినవాళ్ళే తమ డాక్యుమెంటేషన్‌లో రాశారు, రెండు వైపులా వెయ్యేసి ఉంటే బాగుంటుంది, సుమారు 5000 దాటాక చెప్పుకోదగ్గ మెరుగు కనపడలేదు అని. దాని డేటాబేస్‌లో మామూలుగా ఉంచుకునేది కూడా లక్షా యాభై వేల మాటల వరకే. మూడేళ్ళ కిందటి లాటరీ మెయిళ్ళ మాటలతో ఆ చోటు నింపి ఏం లాభం?

ప్రశ్న: నెల రోజులుగా స్పామ్ నేర్పుతున్నాను సార్, అణువంత తేడా లేదు. తప్పెక్కడుంది? (డిగ్రీ కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, కరీంనగర్)

జవాబు: మీ ఉత్తరంలో ‘రూట్‌గా (సర్వర్ మీద సర్వాధికారాలూ ఉన్న యూజర్‌గా) లాగిన్ అయి’ అన్న మాట ఉంది, నా అనుమానం అక్కడే. బేయస్ అంటే మనం నేర్పినదాన్ని బట్టి మాటల లెక్కతో స్పామ్‌ని పట్టే భాగం, దాని డేటాబేస్ మామూలుగా ఎవరు నేర్పితే వాళ్ళ హోమ్ డైరెక్టరీలో తయారవుతుంది. మీరు రూట్‌గా నేర్పితే రూట్ నేర్చుకున్నాడు, మెయిళ్ళు వడపోసే స్పామ్‌డీ ఇంకో యూజర్ పేరుతో నడుస్తుంటే దానికి మీరు చెప్పిన పాఠం ఒక్కటీ చేరలేదు. ఏ యూజర్ పేరుతో స్పామ్‌డీ వడపోస్తోందో చూసి, అదే యూజర్‌గా మారి, ఎస్‌ఏ-లెర్న్‌ని డంప్ మ్యాజిక్ ఆప్షన్‌తో నడపండి. వచ్చే లైన్లలో ఎన్‌స్పామ్ (నేర్చిన స్పామ్‌లు), ఎన్‌హామ్ (నేర్చిన మంచి మెయిళ్ళు) అని రెండు అంకెలుంటాయి. ఎన్‌హామ్ సున్నా ఉన్నా అంతే సంగతులు, ఎందుకంటే రెండు వైపులా కనీసం 200 మెయిళ్ళు చేరేదాకా బేయస్ నోరు విప్పదు. మీరు నెల రోజులూ స్పామ్ ఒక్కటే నేర్పానన్నారు. బేయస్ పద్ధతి అంతా పోల్చి చూడటమే కదా, ఫలానా మాట స్పామ్‌లో ఎన్నిసార్లు, మంచి మెయిల్‌లో ఎన్నిసార్లు అని. రెండో వైపు ఖాళీగా ఉంటే దేనితో పోల్చాలి?

ప్రశ్న: మంచి మెయిల్ నేర్పమంటారు, ఏది మంచిదో స్క్రిప్టుకి ఎలా తెలుస్తుంది? ఇన్‌బాక్సులో ఉన్నదంతా మంచిదే అనుకోవచ్చా? (విజయవాడ)

జవాబు: అనుకోకూడదు. ఇన్‌బాక్సులో ఇప్పుడే వచ్చినవాటిలో స్పామ్ కూడా ఉంటుంది, ఇంకా ఎవరూ చూసి ఉండరు. స్పామ్‌కి తొందరపడాలి, మంచి మెయిల్‌కి ఓపిక పట్టాలి. రెండింటికీ ఒకే గడువు పెట్టడం నేను చూసిన స్క్రిప్టుల్లో మామూలుగా ఉండే తప్పు.

నేను పెట్టుకున్న నియమం చెప్తాను. మెయిల్ వచ్చి మూడు రోజులు దాటాలి, పది రోజులు మించకూడదు, చదివినట్టు గుర్తుండాలి, ఇంకా ఇన్‌బాక్సులోనే ఉండాలి. మెయిల్‌డిర్‌లో చదివిన మెయిల్ కర్ డైరెక్టరీలో ఉంటుంది, ఫైలు పేరు చివర ఎస్ అనే అక్షరం చేరుతుంది, కాబట్టి ఏరడం ఫైండ్‌కి తేలిక. ఇక్కడ ఎమ్‌టైమే సరైనది, వచ్చి ఎన్నాళ్ళయింది అన్నదే మనకి కావాలి. చదివారు, మూడు రోజులు చూశారు, జంక్‌లోకి తోయలేదు అంటే చాలావరకు మంచిదే. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి ఉంది, మనుషులు తమ చేత్తో ఆర్డర్లు, బ్యాంకు, జీఎస్‌టీ అని ఫోల్డర్లు పెట్టుకుని సర్దుకున్న మెయిళ్ళు. ఎవరూ స్పామ్‌ని అంత శ్రద్ధగా సర్దుకోరు, వాటిని ఆ రాత్రే నేర్పేయొచ్చు. ట్రాష్ జోలికి మాత్రం పోవద్దు, అక్కడ మంచీ చెడూ కలగాపులగం.

ఆటోలెర్న్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బేయస్ మార్కులు పక్కన పెట్టి మిగతా రూల్స్ వేసిన మార్కులు 0.1 కంటే తక్కువైతే స్పామ్‌అసాసిన్ ఆ మెయిల్‌ని మంచిదని తనే నేర్చేసుకుంటుంది, 12 దాటితే స్పామ్ అని. తెలివిగా రాసిన మోసపు మెయిల్ ఒకటి మంచిదిగా నమోదై కూర్చుందనుకోండి, దాన్ని మీరు జంక్‌లోకి తోసి ఆ రాత్రే నేర్పితే పాత పాఠం చెరిపేసి కొత్తది రాసుకుంటుంది, విడిగా మరిచిపొమ్మని చెప్పనక్కర్లేదు. వారం తర్వాత నేర్పితే మాత్రం ఆ వారమంతా అలాంటి మెయిళ్ళకి తలుపు తీసి పెట్టినట్టే. తాజాగా నేర్పమని ఇంతగా పోరేది అందుకే.

ప్రశ్న: మా స్టాఫ్ అందరూ స్పామ్ వస్తే నాకు ఫార్వర్డ్ చేస్తారు. అవన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి నేర్పుతున్నాను. బానే ఉందా? (తిరుపతి)

జవాబు: దయచేసి ఈ రోజే ఆపండి. ఇది నాకు జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. చాలాకాలం కిందట నేను చూసుకునే ఒక ఆఫీసులో ఒక మేడమ్ చాలా బాధ్యతగా ప్రతి స్పామ్‌నీ నాకు ఫార్వర్డ్ చేసేవారు. నేనూ అంతే బాధ్యతగా నేర్పాను. కొన్ని వారాలకి ఆవిడ రాసిన మెయిళ్ళు ఆఫీసులో ఎవరికీ కనపడటం మానేశాయి. ఒక కొటేషన్ ఆమోదం జంక్‌లో నాలుగు రోజులు పడి ఉంది, అవతలివాళ్ళు జవాబు రాలేదని ఆర్డర్ వేరేవాళ్ళకి ఇచ్చేశారు. తీసి చూస్తే ఆ మెయిల్ హెడర్‌లో బేయస్ 99 అని ఉంది, అంటే బేయస్ లెక్కలో అది దాదాపు ఖాయంగా స్పామ్. ఫార్వర్డ్ చేసిన మెయిల్‌లో పంపినవాళ్ళ పేరు ఆవిడది, దారి మా సర్వర్‌ది, కింద సంతకం ఆవిడది, ఫోన్ నంబరు ఆవిడది. అసలు స్పామర్ హెడర్లు ఒక్కటీ లేవు. ఆవిడ సంతకం అంటే స్పామ్ అని ఫిల్టర్‌కి వందసార్లు చెప్పింది నేనే. ఆవిడకి ఆ సంగతి చెప్పిన రోజు నాకింకా గుర్తుంది.

మీరు చేయాల్సింది ఇది. నేర్పిన ఆ ఫార్వర్డ్ మెయిళ్ళు ఇంకా ఉంటే వాటినే ఎస్‌ఏ-లెర్న్‌కి ఫర్‌గెట్ ఆప్షన్‌తో ఇవ్వండి, మరిచిపోతుంది. స్టాఫ్‌కి ఫార్వర్డ్ వద్దు, జంక్ ఫోల్డర్‌లోకి లాగేయండి చాలు అని చెప్పండి. అలా లాగితే అసలు మెయిల్ చెక్కుచెదరకుండా అన్ని హెడర్లతో ఉంటుంది.

ప్రశ్న: మేం తెలుగు పుస్తకాలు వేస్తాం. రచయితలు తెలుగులో పంపే మెయిళ్ళు జంక్‌లో పడుతున్నాయి. ఫిల్టర్‌కి తెలుగు రాదా? (హైదరాబాద్)

జవాబు: బేయస్ ఫిల్టర్‌కి ఇంగ్లిషూ రాదండి. అది మాటల అర్థం చూడదు, ఏ ముక్క ఎటువైపు ఎన్నిసార్లు కనపడింది అన్న లెక్క చూస్తుంది. అసలు ఎప్పుడూ చూడని మాట ఉంటే దాన్ని లెక్కలోకే తీసుకోదు. మీ దగ్గర ప్లాట్లు, లోన్లు అంటూ తెలుగులో వచ్చిన స్పామ్ జంక్‌లో పడి, అదే నేర్పుతూ, రచయితల మెయిళ్ళు ఒక్కటీ మంచివిగా నేర్పకపోయి ఉంటే, ‘మీ’, ‘మేము’, ‘ధన్యవాదాలు’ లాంటి మాటలు కూడా స్పామ్ మాటలే అయి కూర్చుంటాయి. దానికితోడు మెయిళ్ళలో మామూలుగా వాడే యూటీఎఫ్-8 యూనికోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. బైట్ల లెక్కన చూసే ఫిల్టర్‌కి మన మామూలు మాట కూడా పొడుగ్గా కనపడి, దాన్ని ముక్కలు చేసి గుర్తుపెట్టుకుంటుంది. ఆ ముక్కలు స్పామ్‌లోనూ, మంచి మెయిల్‌లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి మంచివైపు బాగా నేర్పితేనే త్రాసు సరిగ్గా నిలబడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళతో ఇంకో చిక్కు, ‘బాగున్నారా’ని నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, ఫిల్టర్‌కి అవి నాలుగు వేరే మాటలు.

అయితే ముందు బేయస్‌నే తప్పుపట్టకండి. జంక్‌లో పడిన మెయిల్ ఒకటి తెరిచి ఎక్స్-స్పామ్-స్టేటస్ హెడర్ చూడండి, ఏ రూల్ ఎన్ని మార్కులు వేసిందో అక్కడ ఉంటుంది. మామూలుగా 5 మార్కులు వస్తే స్పామ్. బేయస్ 99 వేసేది 3.5 మాత్రమే, మిగతావి ఇంకెక్కడి నుంచో వచ్చి ఉండాలి. బేయసే కారణమైతే గత రెండు మూడు నెలల్లో రచయితలతో నడిచిన ఉత్తరాలు ఒక రెండు వందలు ఏరి మంచివిగా నేర్పండి, ఆ తర్వాత రోజువారీ చాలు. కొత్త రచయిత మొదటి కథ పంపి, జవాబు కోసం ఎదురుచూసి, మీకు నచ్చలేదనుకుని ఊరుకుంటాడు. పది స్పామ్‌లు ఇన్‌బాక్సులో పడ్డా చెరిపేసుకోవచ్చు, అది మాత్రం మళ్ళీ రాదు.

ప్రశ్న: రాత్రి దాకా ఆగడం ఎందుకు, జంక్‌లోకి లాగిన క్షణమే నేర్పే ఏర్పాటు లేదా? (విశాఖపట్నం)

జవాబు: ఉంది. డవ్‌కాట్‌కి ఐమ్యాప్‌సీవ్ అనే ప్లగిన్ ఉంది, మెయిల్ జంక్‌లోకి వెళ్ళగానే స్పామ్ అని, జంక్ నుంచి బయటికి రాగానే మంచిదని చిన్న స్క్రిప్టు నడుపుతుంది. రెండు సంగతులు చూసుకోండి. జంక్ నుంచి ట్రాష్‌లోకి వెళ్ళినదాన్ని మంచిదిగా నేర్పకూడదు. ఆ మినహాయింపు రాయడం మరిచిపోతే, ఎవరో శుభ్రంగా జంక్ అంతా ఎంచి డిలీట్ కొట్టిన రోజున మూడు వందల స్పామ్‌లు మంచి మెయిళ్ళుగా నమోదవుతాయి. రెండోది, ఆ స్క్రిప్టులో ఎస్‌ఏ-లెర్న్ బదులు స్పామ్‌డీకి మెయిల్ అందించే చిన్న ప్రోగ్రామ్ స్పామ్‌సీతో నేర్పండి, స్పామ్‌డీని అలౌ-టెల్ ఆప్షన్‌తో నడపాలి. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి మెయిల్ అందించడమే కాబట్టి లాగినప్పుడల్లా పెర్ల్ మళ్ళీ లేవదు, ఉద్యోగికి మెయిల్ ప్రోగ్రామ్ ఆగినట్టు అనిపించదు. స్పామ్‌అసాసిన్ బదులు ఆర్‌స్పామ్‌డీ అనే ఇంకో ఫిల్టర్ వాడేవాళ్ళకీ ఇదే పద్ధతి, అక్కడ కూడా మామూలుగా రెండు వైపులా 200 దాటాలి. ఇది పెట్టుకున్నా మంచి మెయిళ్ళ రాత్రి స్క్రిప్టు తీసేయకండి, ఎందుకంటే సవ్యంగా వచ్చిన మెయిల్‌ని ఎవరూ ఎటూ లాగరు, దాన్ని నేర్పేది ఆ స్క్రిప్టే.

ప్రశ్న: నాకు సర్వర్లు తెలియవండి, జీమెయిల్ వాడతాను. స్పామ్ అని రిపోర్ట్ కొడితే నిజంగా ఏమైనా అవుతుందా? (టీచర్, కర్నూలు)

జవాబు: అవుతుందమ్మా, మీరు కొట్టే ఆ బటనే అక్కడ నేర్పడం. వచ్చిన రోజే కొట్టండి. స్పామ్ ఫోల్డర్‌లో మంచి మెయిల్ కనపడితే ఊరికే చదివి వదిలేయకుండా ‘స్పామ్ కాదు’ అన్నది నొక్కండి, అదీ పాఠమే. మీరే ఎప్పుడో ఇష్టపడి చేరిన షాపు ప్రకటనలకి స్పామ్ కొట్టకుండా అన్‌సబ్‌స్క్రైబ్ అవ్వండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మెయిల్‌లో ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం ముట్టుకోకండి. మీ అమ్మాయి కాలేజీ కౌన్సెలింగ్ మెయిల్ రాలేదని కూడా ఉత్తరంలో రాశారు, స్పామ్ ఫోల్డర్‌లో 30 రోజులు దాటినవి జీమెయిల్ తనే చెరిపేస్తుంది, కాబట్టి ఈ జవాబు చదవగానే ముందు ఆ ఫోల్డర్ తెరిచి కాలేజీ పేరుతో వెతకండి.